డిస్క్ పోలేదు, బోర్డు మరిచిపోయింది

2023 డిసెంబర్ మొదటి వారం. మిచాంగ్ తుఫాను వానకు చెన్నైలో సగం వీధులు నీళ్లలో ఉన్నాయి. మా పెరంబూరు వీధిలో నీళ్లు తీసి, కరెంటు ఇచ్చేసరికి మూడు రోజులైంది. ఆ మర్నాడు మధ్యాహ్నం కింద ఫ్లాట్ బాబాయిగారు మెట్లెక్కి వచ్చారు. రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన మనిషి. మామూలుగా దేనికీ కంగారుపడరు. ఆ రోజు మాత్రం మొహం చూస్తేనే టెన్షన్ తెలిసిపోతోంది.

"కంప్యూటర్ పోయిందమ్మా. రిపేరు అబ్బాయి వచ్చి చూశాడు. హార్డ్ డిస్క్ పోయినట్టుంది, ఫార్మాట్ కొట్టి చూస్తాను, కుదరకపోతే కొత్తది వేయాలన్నాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాడట. అందులో మా తిరుక్కడయూరు ఫొటోలున్నాయి."

తిరుక్కడయూరు అంటే అక్కడి గుడిలో జరిగిన వాళ్ల షష్టిపూర్తి. పిన్నిగారు ఇప్పుడు లేరు. ఆ ఫొటోలకు ఇంకో కాపీ కూడా లేదు.

కిందకు వెళ్లి చూశాను. 2012లో రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని కట్టించుకున్న డెస్క్‌టాప్ అది. తర్వాత ఎప్పుడో విండోస్ 10 వేయించారు. ఆన్ చేస్తే విండోస్ గుర్తు వచ్చింది, దాని కింద చుక్కలు రెండు మూడు సార్లు గుండ్రంగా తిరిగాయి, ఆ వెంటనే నీలం తెర. దిగులు మొహం గుర్తు, దాని కింద చిన్న అక్షరాల్లో "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంది. మళ్లీ తనంతట తానే రీస్టార్ట్ అయ్యి అదే వరస.

ఒక్క ప్రశ్న అడిగాను. "కరెంటు వచ్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏమైనా అడిగిందా బాబాయిగారూ?"

"నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషులో వచ్చింది. ఎఫ్1 నొక్కమంది, నొక్కాను."

జరిగిందంతా ఆ ఎఫ్1 దగ్గరే ఉంది. అది అర్థం కావాలంటే హార్డ్ డిస్క్‌కూ విండోస్‌కూ మధ్య ఉండే ఇంకో భాగం గురించి తెలియాలి. ఇళ్లలో కంప్యూటర్ వాడేవాళ్లు చాలామందికి అది ఉందని కూడా తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు, కానీ ఆ కారణంగా బాగున్న డిస్కుల మీద ఫార్మాట్ కొట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మధ్యలో ఉండే కంట్రోలర్

హార్డ్ డిస్క్ నేరుగా ప్రాసెసర్‌తో మాట్లాడదు. మదర్‌బోర్డు మీద చిప్‌సెట్‌లో స్టోరేజ్ కంట్రోలర్ ఉంటుంది. "ఫలానా చోటి నుంచి ఇన్ని సెక్టర్లు (డేటా గళ్లు) చదివి పెట్టు" అని విండోస్ చెబితే ఆ మాట డిస్క్‌కు చేర్చి, వచ్చిన డేటాను మెమరీలో పెట్టడం దాని పని. ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రాం బయోస్. ఆ కంట్రోలర్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలన్నది అందులోని ఒక సెట్టింగ్ నిర్ణయిస్తుంది. బోర్డును బట్టి దాని పేరు "సాటా మోడ్" అనో, "సాటా కాన్ఫిగరేషన్" అనో, "సాటా ఆపరేషన్" అనో ఉంటుంది. పాత బోర్డుల్లో ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అని మూడు కనిపిస్తాయి. కొత్తవాటిలో ఐడీఈ తీసేశారు.

ఈ మూడూ ఎందుకున్నాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఐడీఈ 1980ల మధ్యలో పుట్టింది. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, 40 పిన్నులు, ఒక కేబుల్‌కు రెండు డిస్కులు, వాటిలో ఏది మాస్టర్, ఏది స్లేవ్ అని చెప్పడానికి డిస్క్ వెనక చిన్న జంపర్. 2000 ప్రాంతంలో కంప్యూటర్ విప్పి చూసినవాళ్లకు ఆ జంపర్‌ను గోళ్లతో లాగిన సంగతి గుర్తుండే ఉంటుంది. 2003లో సాటా వచ్చింది. సన్న కేబుల్, డేటాకు 7 పిన్నులు, పవర్‌కు 15 పిన్నులు, ఒక కేబుల్‌కు ఒకే డిస్క్. కేబుల్ మారినా విండోస్‌కు తెలిసిన భాష మాత్రం పాత ఐడీఈదే. అందుకని సాటా కంట్రోలర్లు ఐడీఈ వేషం వేసుకుని పనిచేసేవి. సాటా కోసం ప్రత్యేకంగా రాసిన పద్ధతి ఏహెచ్‌సీఐ, ఇంటెల్ దాన్ని 2004లో ఇచ్చింది.

ఏహెచ్‌సీఐలో అసలు లాభం ఎక్కడుందో చెబుతాను. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టర్, డేటా చదివే హెడ్ కిందకు వచ్చేదాకా ఆగాల్సిందే. ఐడీఈ పద్ధతిలో ఒక పని చెప్పి, అది అయ్యాక ఇంకోటి చెప్పాలి. కొరియర్ అబ్బాయికి పార్సిళ్లు ఒక్కొక్కటే ఇస్తూ, ఒకటి పెరంబూరులో, రెండోది తాంబరంలో, మూడోది మళ్లీ పెరంబూరులో ఇచ్చి రమ్మన్నట్టు ఉంటుంది అది. ఏహెచ్‌సీఐలో 32 పనులు ఒకేసారి డిస్క్ చేతికి ఇవ్వొచ్చు. ఏది దగ్గరో, ఏది ముందు హెడ్ కిందకు వస్తుందో చూసుకుని డిస్కే వరస మార్చుకుంటుంది. దీన్నే ఎన్‌సీక్యూ అంటారు. ఫ్లాష్ చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేకపోయినా, ఒకేసారి చాలా పనులు అందుకోగలగడం వల్ల దానికీ లాభమే. ఎస్‌ఎస్‌డీ కొని ఐడీఈ మోడ్‌లో వాడుతుంటే డబ్బు పెట్టిన వేగంలో కొంత వదులుకున్నట్టే.

మరి ఇంత మంచిదైతే డిఫాల్ట్‌గా ఏహెచ్‌సీఐ పెట్టి అమ్మొచ్చు కదా? విండోస్ ఎక్స్‌పీ వల్ల కుదరలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి 2004లో పుట్టిన ఏహెచ్‌సీఐ ఎలా తెలుస్తుంది? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి, ఫ్లాపీలోంచి డ్రైవర్ (కంట్రోలర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం) ఇవ్వాల్సి వచ్చేది. అప్పటికే కొత్త కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవులు మాయమవుతున్నాయి. ఏ గొడవా లేకుండా ఎక్స్‌పీ ఎక్కాలని బోర్డు తయారీదారులు డిఫాల్ట్‌గా ఐడీఈ పెట్టేవారు. ఆ అలవాటు చాలా బోర్డుల్లో ఎన్నో ఏళ్లు కొనసాగింది. విస్టా నుంచి విండోస్‌లోనే ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉంది కాబట్టి, కంప్యూటర్ కట్టినవాళ్లు బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చి, తర్వాత విండోస్ వేసేవారు. బాబాయిగారి కంప్యూటర్‌ను కట్టినాయన కూడా ఆ పనే చేశాడు, చక్కగా చేశాడు. కానీ ఆ మార్పు బయోస్ గుర్తుంచుకున్నంత కాలమే నిలుస్తుంది.

నీలం తెర ఎక్కడి నుంచి వచ్చింది?

డిస్క్ పోయిందన్నప్పుడు నేను మొదట అడిగేది ఇదే. నీలం తెర బయోస్‌లో ఉండదు, మానిటర్‌లో ఉండదు. అది విండోస్ గీసేది. ఆ విండోస్ ఉన్నది డిస్క్‌లో. అంటే డిస్క్‌లోంచి విండోస్ మూల ప్రోగ్రాం కెర్నెల్ మెమరీలోకి వచ్చింది, అది నడవడం మొదలుపెట్టింది, ఆ తర్వాతే ఆగింది. పూర్తిగా చచ్చిపోయిన డిస్క్ నీలం తెర దాకా తీసుకురాలేదు.

మొదట్లో డిస్క్‌ను చదివేది బయోస్ సాయంతో. బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ఆ సాయంతోనే కెర్నెల్‌నూ, బూట్‌కు అవసరమైన డ్రైవర్లనూ మెమరీలోకి తెస్తుంది. అక్కడ పగ్గాలు చేతులు మారతాయి. ఇక నుంచి విండోస్ తన సొంత డ్రైవర్‌తో కంట్రోలర్‌తో మాట్లాడాలి. ఐడీఈకి ఒక డ్రైవర్, ఏహెచ్‌సీఐకి ఒకటి, రెయిడ్‌కు ఇంకోటి. విండోస్ దగ్గర ఇవన్నీ ఉన్నా, ప్రతిసారీ అన్నింటినీ నిద్రలేపదు. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ కంట్రోలర్ కనిపించిందో దానికి కావలసినది మాత్రమే బూట్‌లో రావాలని గుర్తు పెట్టుకుని, మిగతావాటిని పక్కన పెడుతుంది. ఒక రోజు హఠాత్తుగా కంట్రోలర్ వేరే వేషంలో ఎదురైతే, దానికి తగిన డ్రైవర్ డిస్క్‌లోనే ఉంటుంది, కానీ అది లేకుండా డిస్క్‌ను చదవలేదు. బీరువా తాళంచెవి బీరువాలోనే ఉండిపోయింది. అప్పుడు విండోస్ "నేను బూట్ అవ్వాల్సిన డిస్క్ అందడం లేదు" అని ఆగిపోతుంది. విండోస్ 7, అంతకు ముందు వాటిలో ఇదే లోపం 7బి అనే కోడ్‌తో కనిపించేది.

బాబాయిగారికి రైలు లెక్కన చెప్పాను. "పెట్టెలు బాగున్నాయి, పట్టాలు బాగున్నాయి. జంక్షన్‌లో ఇంజన్ మార్చారు. ఆ ఇంజన్ నడపడం వచ్చిన డ్రైవరు ప్లాట్‌ఫారం మీద లేడు. బండి అక్కడ ఆగింది, అంతే." ఆయన మొహంలో మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. సరిగ్గా విండోస్ ఫైళ్లున్న చోట బ్యాడ్ సెక్టర్లు వచ్చినా ఇదే నీలం తెర రావొచ్చు. కాబట్టి ఈ తెర చూసి డిస్క్ నూటికి నూరు పాళ్లు బాగుందని అనకూడదు. డిస్క్ పోయిందని తీర్పు చెప్పడానికి మాత్రం ఇది అసలు సాక్ష్యమే కాదు.

ఇంకో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. రెండు మూడు సార్లు బూట్ కాకపోతే విండోస్ తనే "ఆటోమేటిక్ రిపేర్" తెర తెస్తుంది. అందులో "రీసెట్ దిస్ పీసీ" అని ఉంటుంది, దాని లోపల "రిమూవ్ ఎవ్రీథింగ్" అని ఉంటుంది. కంగారులో ఉన్న మనిషి ఏదో ఒకటి నొక్కేస్తాడు. కారణం తెలియకుండా ఆ రెండింటి జోలికి పోవద్దు.

3 వోల్టుల బిళ్ల

సెట్టింగ్ ఎందుకు మారింది? ఎవరూ బయోస్‌లోకి వెళ్లలేదు. ప్లగ్ పీకి, క్యాబినెట్ పక్క మూత విప్పాం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సీఆర్2032, మనవాళ్లు సీమాస్ బ్యాటరీ అంటారు. బాబాయిగారు లోపలి గదిలోంచి తన పాత మల్టీమీటర్ తెచ్చారు. ఎరుపు వైరు పైన, నలుపు వైరు క్యాబినెట్ లోపలి రంగు లేని లోహానికి ఆనించి నాకు చూపించారు. 3 వోల్టులు చూపించాల్సిన చోట 1.9 ఉంది. ఆయన కళ్లజోడు పైకి తోసి మళ్లీ ఆనించి చూశారు. 1.9. ఆ అంకె చూశాక ఆయన చేతి వణుకు తగ్గింది. అంకెలతో బతికిన మనిషి కదా.

ఈ బ్యాటరీ చచ్చిపోయిన సంగతి అన్నాళ్లూ బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. డెస్క్‌టాప్‌ను షట్‌డౌన్ చేసినా, గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. గడియారం, సెట్టింగులు దాని మీదే నిలబడతాయి. బ్యాటరీ పని గోడ కరెంటు లేనప్పుడే. బాబాయిగారు గోడ స్విచ్ ఎప్పుడూ ఆపరు. కాబట్టి బ్యాటరీ ఏడాది కిందటే నీరసించినా ఎవరికీ తెలియలేదు. తుఫానుకు మూడు రోజులు కరెంటు పోయేసరికి దాని మీద భారం పడింది, అది మోయలేకపోయింది. బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. కరెంటు రాగానే "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్" అని రాసి, ముందుకు వెళ్లడానికి ఎఫ్1 నొక్కమంది. జరిగింది జరిగినట్టు చెప్పింది పాపం. ఆ డిఫాల్ట్ ఐడీఈ.

రోజూ రాత్రి గోడ స్విచ్ కూడా ఆపే ఇళ్లలో కథ ఇంకోలా ఉంటుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కానీ ముందే సంకేతాలు ఇస్తుంది. తారీఖు వెనక్కి వెళ్లిపోతుంది, బోర్డు తయారైన ఏడాది చూపిస్తుంది. దానివల్ల బ్రౌజర్‌లో బ్యాంకు సైటు తెరిస్తే "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంది. సర్టిఫికెట్ల గడువును కంప్యూటర్ తారీఖుతోనే పోల్చి చూస్తారు కాబట్టి. ఇలా కనిపించిన రోజే బ్యాటరీ మార్చేస్తే సరి. వాచీల కొట్టులో కూడా దొరుకుతుంది, మామూలుగా యాభై రూపాయల లోపే.

మేమూ వీధి చివర వాచీల కొట్టులోనే తెచ్చాం. పాతది తీసేటప్పుడు పక్కనున్న చిన్న క్లిప్‌ను గోటితో పక్కకు నొక్కితే అదే పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకిలించకూడదు. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, ప్లగ్ పెట్టి, ఆన్ చేయగానే డిలీట్ కీ వరసగా నొక్కాను. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎక్కువగా డిలీట్ కీయే. ల్యాప్‌టాప్‌ల్లో కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, ఎఫ్1 ఉంటాయి. బయోస్‌లో ముందుగా డిస్క్ పేరు, సైజు కనిపిస్తున్నాయా అని చూశాను. కనిపిస్తున్నాయి. తారీఖు సరిచేశాను. సాటా మోడ్ ఐడీఈ అని ఉంది, ఏహెచ్‌సీఐకి మార్చాను. ఎఫ్10, ఎంటర్.

చుక్కలు తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఆ పది సెకన్లు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత లాగిన్ తెర వచ్చింది, దాని వెనక పిన్నిగారు పూలదండతో నవ్వుతున్న ఫొటో.

కావాలనే మార్చాలనుకుంటే

కొందరి పరిస్థితి దీనికి తిరగబడి ఉంటుంది. విండోస్ ఐడీఈ మోడ్‌లోనో, రెయిడ్ మోడ్‌లోనో వేసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ కొన్నారు, లేదా పక్కన ఉబుంటు లినక్స్ వేసుకోవాలి, ఏహెచ్‌సీఐ కావాలి. నేరుగా బయోస్‌లో మారిస్తే అదే నీలం తెర. దీనికోసం విండోస్ మళ్లీ వేయాలనే వాళ్లు ఇంకా ఉన్నారు, అవసరం లేదు. విండోస్ 8 నుంచి ఒక తేలిక దారి ఉంది. ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైప్ చేసి సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరవండి. బూట్ ట్యాబ్‌లో "సేఫ్ బూట్" మీద టిక్ పెట్టి, కింద "మినిమల్" ఎంచుకోండి. రీస్టార్ట్ చేసి, విండోస్‌లోకి వెళ్లనివ్వకుండా ముందే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేటప్పుడు విండోస్ పక్కన పెట్టిన స్టోరేజ్ డ్రైవర్లను కూడా పిలుస్తుంది, కొత్త కంట్రోలర్‌ను గుర్తుపట్టి దాని డ్రైవర్‌ను బూట్ జాబితాలో చేరుస్తుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

దీనికి ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం. విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటిలో మీరు అడగకపోయినా ఈ తాళం డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో ఇలాంటి మార్పు చేస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లినా అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయ్యి ఆ కీ ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకుని, అప్పుడు మొదలుపెట్టండి. కీ లేకపోతే ఆ డేటాను ఏ షాపువాళ్లూ తిరిగి తేలేరు.

రెండోది నిజమైన రెయిడ్. బయోస్‌లో రెయిడ్ అని ఉన్నంత మాత్రాన రెండు డిస్కులు జతకట్టి ఉన్నాయని కాదు. కంపెనీ కంప్యూటర్లు చాలావాటిని ఒక్క డిస్క్ ఉన్నా రెయిడ్ మోడ్‌లోనే అమ్ముతారు. అలాంటి ఒంటరి డిస్క్ మీద మోడ్ మార్చినా డేటా చెక్కుచెదరదు. కానీ రెండు డిస్కులను నిజంగానే కలిపి ఒకటిగా వాడుతుంటే, లేదా పాత హార్డ్ డిస్క్‌కు వేగం పెంచే ఇంటెల్ ఆప్టేన్ మెమరీ జోడించి ఉంటే, ముందు విండోస్‌లోంచి వాటిని విడదీయకుండా ఏహెచ్‌సీఐకి మార్చకండి. రెయిడ్ సెటప్ తెరలో "రీసెట్ డిస్క్స్ టు నాన్ రెయిడ్" అని కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లో "డ్రైవులు లేవు"

మా ఆఫీసులో చేరిన నెల్లూరు కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువగా అడిగేది ఇది. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 శుభ్రంగా వేసుకుందామని పెన్‌డ్రైవ్ పెడతారు. ఏ డిస్క్‌లో వేయాలో అడిగే చోట జాబితా ఖాళీగా ఉంటుంది. డ్రైవులేవీ కనిపించలేదు, స్టోరేజ్ డ్రైవర్ ఇవ్వమని వస్తుంది. నిన్నటిదాకా అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ నడిచింది. ఎస్‌ఎస్‌డీ రాత్రికి రాత్రి ఎక్కడికి పోతుంది?

ఇక్కడ అడ్డుపడేది వీఎండీ. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు ఎక్కువగా ఎన్‌వీఎంఈవి, అంటే సాటాతో సంబంధం లేకుండా ప్రాసెసర్‌కు వెళ్లే వేగమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నేరుగా మాట్లాడతాయి. 2011లో వచ్చిన ఆ పద్ధతి మొదటినుంచీ ఫ్లాష్ మెమరీ కోసమే రాసింది. ఏహెచ్‌సీఐకి 32 పనులు పట్టే ఒకే క్యూ ఉంటే, దీనికి వేల క్యూలు పెట్టుకునే వీలుంది. ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌లోనే ఉంది కాబట్టి మామూలుగా ఏ ఇబ్బందీ రాకూడదు. అయితే 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి ల్యాప్‌టాప్‌ల్లో ఆ ఎస్‌ఎస్‌డీని వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెడుతున్నారు. ముందు నిలబడ్డ ఆ కంట్రోలర్‌ను దాటాలంటే ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ కావాలి. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో అది లేకపోతే ఎస్‌ఎస్‌డీ కనిపించదు. పాత జబ్బే, ఎక్స్‌పీ రోజుల ఎఫ్6 ఫ్లాపీయే పెన్‌డ్రైవ్ రూపంలో తిరిగొచ్చింది.

రెండు దారులున్నాయి. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబరుకు ఉన్న రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపుకుని, విప్పి, ఐఎన్ఎఫ్ ఫైలు కనిపించే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" దగ్గర చూపించాలి. జిప్ ఫైలు అలాగే పెడితే అది గుర్తించదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లేదా బయోస్‌లో వీఎండీ ఆపేయాలి. ఒక్క ఎస్‌ఎస్‌డీ ఉన్న ఇంటి ల్యాప్‌టాప్‌కు వీఎండీ వల్ల ఒరిగేది ఏమీ లేదని నా అభిప్రాయం. కొత్తగా విండోస్ వేస్తున్నప్పుడు నేనైతే ఆపేసే వేస్తాను. కానీ ఉన్న విండోస్‌ను అలాగే ఉంచుకోవాలంటే, పైన చెప్పిన సేఫ్ బూట్ పద్ధతి పాటించకుండా ఆపొద్దు.

డెస్క్‌టాప్‌ల్లో ఇంకో చిన్న విషయం. బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ కోసం ఉండే ఎం.2 స్లాట్‌లో ఒకటి పెట్టగానే అప్పటిదాకా బాగా పనిచేసిన హార్డ్ డిస్క్ మాయమైందంటే ముందు బోర్డు మాన్యువల్ చూడండి. కొన్ని బోర్డుల్లో ఆ స్లాట్, ఒకటో రెండో సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. స్లాట్ నిండితే ఆ పోర్టులు మూసుకుపోతాయి. కేబుల్‌ను ఇంకో పోర్టుకు మారిస్తే సరిపోతుంది.

నిజంగా డిస్క్‌దే తప్పైతే

డిస్కులు నిజంగానే పోతాయి కూడా. అది తెలుసుకోవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం చాలు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టాను అది చూపిస్తుంది. హార్డ్ డిస్క్ అయితే 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరసలు చూస్తాను. 05 అంటే పాడైన సెక్టర్లకు బదులు డిస్క్ వాడుకున్న కొత్తవి. సీ5 చదవలేక వాయిదా వేసినవి. సీ6 దిద్దలేనివి. ఈ మూడింట్లో సున్నా కాని అంకె ఉండి, వారం వారం పెరుగుతుంటే, ఇంకే ప్రయోగమూ చేయకుండా ముందు డేటా కాపీ చేసుకోవాలి. టక్ టక్ అని శబ్దం వస్తుంటే ఆన్ చేయడమే ఆపాలి.

సీ7 మాత్రం వేరే జాతి. డిస్క్‌కూ కంట్రోలర్‌కూ మధ్య ప్రయాణంలో డేటా చెడిపోయిన సార్లను లెక్కపెట్టేది అది. అది పెరుగుతోందంటే అనుమానం మొదట కేబుల్ మీద పడాలి. మన చెన్నైలో, అందులోనూ సముద్రానికి దగ్గర ఇళ్లలో, ఉప్పుగాలికి కనెక్టర్ల మీద సన్నటి పొర కడుతుంది. కంప్యూటర్ మధ్యలో పది సెకన్లు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబరుతో "రీసెట్ టు డివైస్" అనే వార్నింగులు వరసగా కనిపిస్తాయి. కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టడంతోనే చాలాసార్లు ఆగుతుంది, లేకపోతే కొత్త కేబుల్ వేయాలి. పాత లెక్క సున్నాకు తిరిగి రాదు, అది చూసి భయపడొద్దు. కేబుల్ మార్చాక పెరగడం ఆగిందా అన్నదే చూడాలి.

ఏదీ తేలకపోతే డిస్క్‌ను విప్పి, యూఎస్‌బీ సాటా అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడటం అన్నింటికన్నా నమ్మకమైన పరీక్ష. ఫోల్డర్లు తెరుచుకుంటే మీ డేటా క్షేమం, అప్పుడే కాపీ చేసుకోవచ్చు. ఒకవేళ "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి.

బాబాయిగారి డిస్క్‌లో 05 సున్నా, సీ5 సున్నా. పదకొండేళ్ల డిస్క్‌కు అది పెద్ద విషయమే. అయినా ఆ పూటే తిరుక్కడయూరు ఫోల్డర్ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాం. బయోస్‌లో సాటా పేజీ, బూట్ పేజీ ఫోన్‌తో ఫొటో తీసి ఆయనకు పంపాను. ఆయన దాంతో తృప్తిపడక, ఒక అట్టముక్క మీద "సాటా మోడ్ – ఏహెచ్‌సీఐ, బ్యాటరీ మార్చినది 2023 డిసెంబర్" అని తెలుగులో రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించారు.

సాయంత్రం రిపేరు అబ్బాయి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. నడుస్తున్న కంప్యూటర్ చూసి ఎలా అని అడిగాడు. బ్యాటరీ చూపించి, ఎఫ్1 తెర సంగతి చెప్పి, బయోస్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను. తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తమిళంలో అన్నాడు: "నిన్న ఇంకో ఇంట్లోంచి ఇదే తెర ఉన్నది ఒకటి తెచ్చానక్కా. షాపులో ఉంది. ఇంకా ఫార్మాట్ కొట్టలేదు." బాబాయిగారు టీ తాగి వెళ్లమన్నా ఆగకుండా బండి తీశాడు.